రాజమహల్ కొలతలకు బయలుదేరిన మేనకోడలికి

చిరంజీవి లావణ్యకు మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. చివరి సంవత్సరం ప్రాజెక్టుకి చంద్రగిరి రాజమహల్ తీసుకున్నావంట. కొలతలు తీసి, నక్షలు గీసి, చరిత్ర కూడా రాస్తావంట. సున్నం పని చేసి బతికిన ఇంటి బిడ్డ రాజుల మేడకు ప్లాను గీస్తుందంటే ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. ఆ వెనకే టెన్షన్ కూడా పట్టుకుంది. ఫోన్‌లో చెబితే నువ్వు ఊఁ ఊఁ అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. పూర్తిగా చదువు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. అది కేంద్ర పురావస్తు శాఖ చూసుకునే కట్టడం, కాలేజీ లెటరు పెట్టి ముందే పర్మిషన్ తీసుకో. మ్యూజియం శుక్రవారం మూసేస్తారు. ఎండ ముదరకముందే బయటి పని ముగించుకో, ఆ బండకొండ కింద మధ్యాహ్నం నిలవలేవు. నీళ్లు మరిచిపోవద్దు.

ఇక నా భయం. టేపు పట్టుకుని వెనక్కి నడవొద్దు. ఫోటో తీస్తూ అసలే నడవొద్దు. నాతో పనిచేసిన ఒక మేస్త్రి, చాలా మంచి పనివాడు, సారవ మీద నిలబడి తాను పూసిన గోడ ఎట్లా వచ్చిందో చూసుకోవడానికి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. మళ్లీ తాపీ పట్టలేదు. పై అంతస్తుల్లోకి పోనిస్తే గోడవైపే నిలబడు. కొండ మీది పై కోటకి ఒంటరిగా ఎక్కొద్దు. ఈ విషయంలో నాకు ఎదురు చెప్పొద్దు తల్లీ.

గీత గీసే ముందు ఒక రోజు ఊరికే చూడు. రాజమహల్‌లో కట్టె వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా అంతా అర్థమవుతుంది. హంపికి పోయినప్పుడు చూశావు కదా, రాజుల నివాసాలు ఉన్నచోట చాలావరకు రాతి అరుగులే మిగిలాయి. పైన కట్టెతో లేపిందంతా 1565 తళ్లికోట యుద్ధం తర్వాత జరిగిన దోపిడీలో, మంటల్లో పోయింది. అక్కడ కమల మహల్ నిలిచింది, ఇక్కడ రాజమహల్ నిలిచింది. రెండూ ఇటుకా సున్నంతో కట్టినవే.

దూలం లేకుండా కప్పు నిలవాలంటే బరువు కమానుల మీదుగా స్తంభాల్లోకి, గోడల్లోకి దిగాలి. అందుకే అక్కడి గోడల మందం చూసి ఇంత ఎందుకని అనుకోకు. ప్రతి గుమ్మం దగ్గరా మందం కొలిచి రాసుకో. మూలలు సరిగ్గా మూలమట్టానికి ఉంటాయని నమ్మొద్దు. మూల నుంచి మూలకి అడ్డంగా కూడా టేపు వెయ్యి, లేకపోతే ఇంటికొచ్చాక ప్లాను కలవదు.

ముందు నిలబడి పైకి చూస్తే కమానులన్నీ సుల్తానుల కట్టడాల తీరులో ఉంటాయి. వాటి పైన శిఖరాలు మన గుడి తీరు. రాజులు తరాల తరబడి కొట్టుకున్నారు, పనివాళ్లు మాత్రం ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. ఆ మేడ ముందు నిలబడిన ప్రతిసారీ నాకు అదే అనిపిస్తుంది. నీ పుస్తకంలో రాజుల పేర్లు ఎన్నైనా రాయి, ఈ మాటకి కూడా ఒక పేజీ ఉంచు.

మీ కాలేజీవాళ్లు ప్రాజెక్టు చివర మరమ్మతులకు సలహాలు రాయమంటారట కదా. నన్ను నిద్రపోనివ్వనిది అదే.

మీ అమ్మ పుట్టిన మిద్దె నువ్వు చూడలేదు. మా తాత కట్టింది. ఇటుక గోడలు, గానుగ సున్నం. గుంతలో నానబెట్టిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో ఎద్దుతో తిప్పించి, రెండు వేళ్ల మధ్య రుద్దితే వెన్నలా జారేదాకా నూరేవాళ్లు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. లోపలి గోడకి చివరి పూత పూసి నున్నటి రాయితో రుద్దితే మొహం కనిపించేది. (రాజమహల్‌కి కూడా ఇవే పాళ్లు వాడారని నా పేరు చెప్పి రాసేయకు. ఇది మన ఇంటి సంగతి.)

ఒక వానాకాలం పడమటి గోడ కింద పూత పెచ్చులు ఊడింది. నేను అప్పుడు బెంగళూరులో పనిలో ఉన్నాను. టౌను నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి, ఈ కాలంలో ఇంకా సున్నమేంది, సిమెంటు కొడితే నూరేళ్లు చూసుకోనక్కర్లేదన్నాడు. మీ తాత జీవితమంతా సున్నంలో చేతులు పెట్టిన మనిషి. ఆయనే సరేనన్నాడు. గానుగలు మూతపడ్డాయి, సున్నం నూరేవాళ్లు లేరు, చుట్టుపక్కల అందరూ సిమెంటే కొట్టించారు. ఆయన్ని నేనేమీ అనలేను. కానీ తప్పు తప్పే.

మొదట్లో గోడ బ్రహ్మాండంగా ఉంది. తర్వాత లోపలివైపు తెల్లగా ఉప్పు పూసింది. బయట తడితే డొల్ల శబ్దం. ఒక రోజు సిమెంటు పలక మొత్తం ఊడి కింద పడింది, ఊడుతూ ఇటుక ముఖం కూడా పీక్కొని వచ్చింది. నేను పోయి ఆ ఇటుక మీద బొటనవేలు పెట్టి నొక్కితే ఎర్రటి పొడి రాలి అరచేతిలో పడింది. మా తాత కాలపు ఇటుక, గట్టి ఇటుక.

ఎందుకట్లా అయిందో అర్థం చేసుకో. నేల తడి గోడలోకి ఎక్కుతుంది, పాత గోడ దాన్ని సున్నపు పూతలోంచి బయటికి వదిలేస్తుంది. సిమెంటు కొడితే గాయం మీద ప్లాస్టిక్ కవరు చుట్టినట్టే. తడి లోపలే ఉండిపోతుంది, దాంతోపాటు వచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి ఇటుకని పగలగొడుతుంది. పైగా సిమెంటు ఇటుక కంటే గట్టిది. ఎండకీ వానకీ గోడ కాస్త కదిలితే ముందు ఓడిపోయేది ఇటుకే. సున్నం తానే పగిలి గోడని కాపాడుతుంది, మళ్లీ పూసుకుంటే సరిపోతుంది.

ఆ గోడ చివరికి దించేశాం. మీ అమ్మ ఆ రోజు ఊరికి రాలేదు, చూడలేనంది. మీ తాత ఇటుకలు ఒక్కొక్కటీ ఏరి పక్కన పేర్చాడు, మూడొంతులు పనికిరాలేదు.

అందుకే చెబుతున్నాను, నీ సలహాల పేజీలో సిమెంటు అన్న మాట రానివ్వకు. గోడల మీద ఎక్కడైనా కొత్త అతుకు కనిపిస్తే అది సున్నమా, వేరేదా అని రంగు చూసి, అంచు చూసి గుర్తుపట్టి నక్ష మీద వేరే రంగు వెయ్యి. గోరుతో కూడా గీకొద్దు.

చరిత్ర రాసేటప్పుడు ఎవరో చెప్పింది విని రాయకు. అక్కడ ఎవర్ని అడిగినా అంతా కృష్ణదేవరాయలే కట్టించాడంటారు. కోటకి పునాది యాదవరాయల కాలం నాటిది. 14వ శతాబ్దంలో విజయనగరం చేతికి వచ్చింది. సాళువ నరసింహుడు ఇక్కడి నుంచే బలపడి 1485లో సింహాసనం ఎక్కాడు. తళ్లికోట తర్వాత వెంకటపతి రాయలు, 1586 నుంచి 1614 దాకా ఏలినాయన, పెనుకొండ నుంచి రాజధానిని ఇక్కడికి తెచ్చాడు. 1646లో గోల్కొండ వాళ్లు పట్టుకున్నారు. ఇన్ని చేతులు పడిన కోట అది.

మద్రాసు సంగతి ఇంకా జాగ్రత్త. మద్రాసు కోట కట్టుకోవడానికి ఈస్టిండియా కంపెనీ ఫ్రాన్సిస్ డేకి విజయనగర రాజు శ్రీరంగరాయలు 1639లో స్థలం రాసిచ్చాడని చెప్పేస్తుంటారు. ఆ ఆగస్టులో పట్టా ఇచ్చింది ఆ రాజుల కింద అక్కడ అధికారం చేసిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు. శ్రీరంగరాయలు రాజైందే 1642లో. ఆయన దాన్ని ఖాయం చేసింది 1645లో. ఈ మూడు సంవత్సరాలూ గోడకి రాసి అంటించుకో, కలిపేశావంటే నాకు కోపం వస్తుంది.

తిరుమలలో నైవేద్యం గంట మోగితే ఆ మోత మండపం నుంచి మండపానికి అందుకుని చంద్రగిరికి చేరేదని, అప్పుడే రాయలు భోంచేసేవాడని చెప్పుకుంటారు. ఇది ఐతిహ్యమని చెప్పి రాయి, కానీ వదిలెయ్యకు. చిన్నప్పుడు మీ అమ్మ ఈ కథ చెబితేగానీ అన్నం తినేది కాదు.

కింది అంతస్తు ప్లాను అయ్యాక నాకు వాట్సాప్‌లో పంపు, గోడల మందాలు కూడా రాసి. పక్కనున్న రాణీమహల్ చిన్నదని ఆఖర్లో హడావిడిగా కానిచ్చేయకు, దానికీ సమయం పెట్టుకో. ఆ పని మొదలుపెట్టే రోజు ముందే చెప్పు, చిత్తూరులో పొద్దున మొదటి బస్సు ఎక్కి చంద్రగిరిలో దిగుతాను. నా ఇత్తడి తూకం గుండు తెస్తాను, రసమట్టం నువ్వు తెచ్చుకో.

ఇట్లు,
మీ మామయ్య