గెలాక్టస్ మీద కొట్లాడి మాటలు బంజేసిన అల్లునికి

అల్లుడా,

మొన్న మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. గడియారం సెంటర్ కాడ చాయ్ తాగుకుంట నువ్వు, నీ దోస్తు మార్వెల్ కామిక్స్‌ల గెలాక్టస్‌ను ఎవడన్న కొట్టగలడా, లేదా అని లొల్లి పెట్టుకున్నరట, వారం సంది మాటల్లేవట. "ఎవడే తమ్మీ వాడు, మన పోరనికి ఏమన్న బాకీ ఉన్నడా?" అని అడిగింది అక్క. నవ్విన గని, ఆ మంట ఎట్లుంటదో నాకెరుకే.

నీ దోస్తు చెప్పింది తప్పు కాదు. గ్రహాలు మింగేటోడు 1982ల ఫెంటాస్టిక్ ఫోర్, అవెంజర్స్, డాక్టర్ స్ట్రేంజ్ అనే హీరోలంత కలిసి మీద పడితే న్యూయార్క్‌ల కూలబడ్డడు. నువ్వు చెప్పిందీ తప్పు కాదు. 1966ల, ఫెంటాస్టిక్ ఫోర్ 48వ సంచికల వాడు మొదటిసారి దిగినప్పుడు ఆ నలుగురి దెబ్బలు వానికి దోమ కుట్టినంత గూడ లేవు. ఇద్దరూ నిజమే చెప్పి కొట్లాడిన్రు. బలానికి ఒక్కటే అంకె ఉంటదనుకున్నరు, అందుకే.

మన సాగర్ డ్యామ్ చూడు. నిండితే 590 అడుగులు. 26 గేట్లు ఎత్తిన ఏడు పోయి చూసినోడు ఒక మాట చెప్తడు, వానల్లేని ఏడు నీళ్లు 510 అడుగుల కాడికి దిగినంక చూసినోడు ఇంకో మాట చెప్తడు. నారు పోసేటోడు "డ్యామ్ ఎంత పెద్దది" అని అడగడు, "ఇయ్యాల నీళ్లెంతున్నయి" అని అడుగుతడు. గెలాక్టస్ బలం గూడ వాని కడుపుల ఉన్నది. ఆ 1982 కథ రాసి బొమ్మలేసిన జాన్ బర్న్, వాణ్ని ఆకలితోని సచ్చేటట్టు చేసి దించిండు. వాడు పడిపోయినంక ఫెంటాస్టిక్ ఫోర్ పెద్ద రీడ్ రిచర్డ్సే అడ్డంబడి బతికించిండు. మీ దోస్తు ఆ ముక్క మింగిండు, నువ్వు అడగలే. ఈసారి ఎవడన్న "ఫలానోడు గెలాక్టస్‌ను కొట్టిండు" అంటె, ముందుగాల "తిన్నడా, తినలేదా?" అని అడుగు.

1966ల వాడు వెనక్కి పోయింది గూడ దెబ్బలకు కాదు. దూరం నుంచి అన్నీ చూసే వాచర్ తోవ చూపిస్తే, ఫెంటాస్టిక్ ఫోర్‌ల జానీ పోయి దేన్నైనా లేకుంట చేసే అల్టిమేట్ నల్లిఫయర్ అనే ఆయుధం పట్టుకొచ్చిండు, రీడ్ దాన్ని చేతిల పట్టుకొని బెదిరించిండు. గెట్టు పంచాదిల పదెకరాలోడు తగ్గిండంటె కండ తక్కువై కాదు గదా, అవతలోని చేతిల పాత పహాణీ నకలు కనబడ్డది. దాన్ని బలం లెక్కల రాసుకోవద్దు. అట్లనే 1991ల ఇన్ఫినిటీ గాంట్లెట్ కథ. ఆరు రత్నాల చేతి తొడుగుతోని విలన్ థానోస్, సాక్షాత్తు విశ్వానికే రూపమైన ఎటర్నిటీనే ఓడగొట్టిండు. ఆ మురిపెంల తన ఒళ్లు ఇడిచిపెట్టి పోతే, వాని చెరల ఉన్న బక్క నెబ్యులా ఆ తొడుగు గుంజుకున్నది. ఇగ నెబ్యులా ఎటర్నిటీ కంటె బలమైనదని చెప్పేటోనితోని మాట్లాడుడే దండుగ.

గని అల్లుడా, అన్నిటికీ ఆకలి సాకు దొరకది. బియాండర్ అనే ఇంకో మహాబలుణ్ని తీస్కో. 1984ల జిమ్ షూటర్ సీక్రెట్ వార్స్‌ల వానికి ఎదురే లేదు. ఐదేండ్లు తిరగక ముందే ఇంకో రచయిత వచ్చి, వాడు కోరిందల్లా చేసే కాస్మిక్ క్యూబ్ అనే వస్తువుల సగం ముక్క అని తేల్చిండు. దీనికి కథల కారణం ఎతుక్కుంట కూసోకు. కలం మారింది, గంతే. "ఇది ఫలానా సంవత్సరం, ఫలానా రచయిత లెక్క" అని ముందుగాల ఒప్పుకొని మాట్లాడుకుంటె సగం లొల్లి ఆడనే సల్లారుతది. అతుకులేసి అన్నిటినీ ఒక్క గుడ్డ చెయ్యాలని చూసేటోళ్లుంటరు. నాకు ఆ పని ముచ్చటగ అనిపియ్యదు, నీకు ఓపికుంటె చేస్కో.

నా సంగతి చెప్తా. హైదరాబాద్‌ల నౌకరీ చేసేటప్పుడు ఆదివారం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్స్ ఏరేటోణ్ని. అట్ల ఒకపారి అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 270 దొరికింది, 1985ది. అట్ట మూల చినిగింది, లోపల పెన్సిల్‌తోని ధర రాసున్నది. గెలాక్టస్ దగ్గర పనిచేసిన ఫైర్‌లార్డ్‌ను స్పైడర్‌మ్యాన్ పిడిగుద్దులతోని పండబెట్టిండు! నల్లగొండ బస్సుల నిలబడి చదివిన, ఒళ్లు మండింది. మా రూమ్మేట్‌తోని రెండేండ్లు అదే లొల్లి. నేను "దొంగ కథ" అంట, వాడు "పట్టుదల" అంటడు. అసలు సంగతేందంటె, అది రెండు సంచికల కథ. 269 నేను చూడనే లేదు. సగం చదివి సర్పంచ్ లెక్క తీర్పు చెప్పిన. తర్వాత అది గూడ దొరికింది, చదివిన. ఇప్పటికీ నాకు అది ఎక్కువే అనిపిస్తది, గని ఆ పోరడు పానానికి తెగించి ఎంత దూరం ఉరికిండో చూసినంక "దొంగ కథ" అనే మాట నోట్ల నుంచి రాలే.

చిన్నప్పుడు మా ఊర్ల తెల్లందాక భాగోతం చూసి మా తాతను అడిగిన. ఉత్తర గోగ్రహణంల భీష్ముణ్ని, ద్రోణుణ్ని, కర్ణుణ్ని ఒక్కడే తరిమిన అర్జునుడు, ఆఖరుకు దారి దోపిడిగాళ్ల నుంచి ఆడోళ్లను ఎట్ల కాపాడలేకపోయిండని. తాత చుట్ట ముట్టించుకుంట, "కృష్ణుడు లేడు గద బిడ్డా" అన్నడు. ఎన్నో సంచిక అని అడగలే ఆయన, అయినా నేను చెప్పేదాని కంటె మంచిగ చెప్పిండు.

దసరకు వస్తున్న. 269, 270 రెండూ పట్టుకొస్త. నువ్వే పోయి నీ దోస్తును పిలువు, ముందు ఎవరు మాట్లాడాలె అని మళ్లొక పంచాది పెట్టుకోకుండ్రి. మిర్చి బజ్జీలు తిన్న చేతులతోని మాత్రం ముట్టనియ్య. 270 అట్ట ఇప్పటికే చినిగున్నది.

మీ మామ