కండలు తిరిగిన బొమ్మలు వేసే అబ్బాయికి ఏ చదువు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. తీరిక దొరికితే చాలు, కండలు తిరిగిన వీరుల బొమ్మలు వేస్తాడు. బాగానే వేస్తాడు కానీ వాటిలో ఏదో కొరత కనిపిస్తుంది. ఇంట్లో సాధన ఎలా చేయాలి? ఈ ఆసక్తికి తగిన చదువు ఉందా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సొంతంగా బొమ్మలు నేర్చుకుంటున్న పిల్లలు చాలామంది ముందుగా కండలు గీసి, ఆ తరువాత వాటి మధ్య శరీరాన్ని ఇరికిస్తారు. మీకు కనిపించిన కొరత బహుశా అక్కడే ఉంది. కండరం ఒక ఎముక మీద మొదలై, కీలును దాటి, మరో ఎముకను పట్టుకుంటుంది కాబట్టి, కింద ఉన్న ఎముకల గూడు సరిగా నిలబడనిదే పైన ఎంత నీడ దిద్దినా బొమ్మకు బలం రాదు.

అందువల్ల మీ అబ్బాయి కొన్ని వారాలపాటు కండల జోలికి పోకుండా కొలతలతో మొదలుపెట్టడం మంచిది. పెద్దవారి ఎత్తు సాధారణంగా వారి తల ఎత్తుకు ఏడు లేదా ఏడున్నర రెట్లు ఉంటుంది. వీరుణ్ణి చూపదలచినప్పుడు చిత్రకారులు దానిని ఎనిమిది రెట్లకు పెంచుతారు. ఆ ఎనిమిది తలల బొమ్మలో రెండో తల చివర చనుమొనలు, మూడో తల దగ్గర బొడ్డు, నాలుగో తల దగ్గర కాళ్లు చీలే చోటు, ఆరో తల దగ్గర మోకాళ్లు వస్తాయి. ఆపైన తల, పక్కటెముకల గూడు, కటి (తుంటి ఎముకల భాగం) అనే మూడు దిమ్మలు ఏ వైపు వాలాయో గమనించాలి. మనిషి ఒక కాలి మీద బరువు వేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, సాధారణంగా అదే వైపు భుజం కిందికి దిగుతుంది. ఈ వాలు పట్టుబడితే ఒక్క కండ గీయకుండానే బొమ్మ ప్రాణంతో నిలబడుతుంది.

కండరాలలో మొదట చేతిని తీసుకోమనండి. కండరం లాగగలదు తప్ప నెట్టలేదు. మోచెయ్యి మడిచినప్పుడు దండచేయి (భుజం నుంచి మోచేతి దాకా ఉన్న భాగం) ముందున్న కండ బిగిస్తే వెనకది సడలుతుంది, చాచినప్పుడు పని తారుమారవుతుంది. దండచేతి మందంలో ఎక్కువ భాగం వెనక కండదే అయినా, కొత్తవారు ముందు కండనే ఉబ్బించి గీస్తారు. భుజం మీది కండ కిందికి సన్నబడుతూ వచ్చి, దండచేయి బయటి వైపు దాదాపు సగం దూరంలో ఎముకను పట్టుకుంటుంది. ఛాతీ కండ ఛాతీ మీదనే ఆగిపోక చేతి ఎముకను అంటుకుంటుంది కాబట్టి, చేయి పైకెత్తితే అది సాగి ఆకారం మారుస్తుంది. ఎత్తిన చేతుల కింద కూడా రెండు పలకల్లాంటి ఛాతీ గీయడం చాలామంది బొమ్మల్లో కనిపించే దోషం. కాలిలోనూ రెండు వైపులూ ఒకేలా ఉండవు. పిక్క లోపలి ఉబ్బు బయటిదాని కంటే కిందికి దిగుతుంది, చీలమండల్లో మాత్రం లోపలిది ఎత్తులో ఉంటుంది.

దేహదారుఢ్య పోటీల ఫొటోలను చూసి గీయడం తగ్గించమని నా గట్టి సలహా. అక్కడ శరీరమంతా ఒకేసారి బిగించి ఉంటుంది. పని చేసే మనిషిలో అవసరమైన కండలే బిగుస్తాయి. కబడ్డీ ఆటగాళ్లను, మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీలను గమనించడం ఎంతో మేలు. చెన్నై మెరీనా తీరంలో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి రూపొందించిన శ్రామిక విజయం శిల్పాన్ని, కనీసం ఫొటోలలోనైనా, శ్రద్ధగా చూడమనండి. బండను కదిలిస్తున్న ఆ నలుగురిలో ఎవరి ఒడుపు వారిది, ఎవరి కండల బిగువు వారిది. పత్రికల క్రీడా పేజీలోని ఫొటో మీద ట్రేసింగ్ పేపర్ పరచి, లోపల ఎముకల గూడు ఎక్కడుందో ఊహించి గీయడం రోజూ చేయదగిన సాధన. దానితోపాటు నిమిషం, రెండు నిమిషాలలో ముగిసే భంగిమల స్కెచ్‌లు పావుగంట వేస్తే చాలు.

ఇక చదువు సంగతి. నాలుగేళ్ల బీఎఫ్‌ఏకు (లలిత కళల డిగ్రీకి) ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా పనికివస్తుంది కాబట్టి ఎంపీసీ మానవలసిన పని లేదు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ విభాగాలు ఉన్నాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, బయటి రాష్ట్రాల్లో బరోడాలోని ఎం.ఎస్. యూనివర్సిటీ, ముంబయిలోని జె.జె. స్కూల్ కూడా పరిశీలించదగినవి. డిజైన్ వైపు మొగ్గితే ఎన్‌ఐడీలు (జాతీయ డిజైన్ సంస్థలు), యూసీడ్ అనే డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీ హైదరాబాద్ ఉన్నాయి. ప్రవేశ పరీక్షల్లో సంత, బస్టాండు వంటి దృశ్యాలను జ్ఞాపకంతో గీయమంటే వృద్ధురాలు, పసిపిల్ల, లావుపాటి వ్యాపారి కావాలి; అందరికీ వీరుడి ఛాతీ పెడితే మార్కులు రావు.

కొద్ది నెలల యానిమేషన్ కోర్సులో ఇప్పుడే చేర్చడం నాకు సమ్మతం కాదు. సాఫ్ట్‌వేర్ తరువాతైనా వస్తుంది; గేమింగ్, యానిమేషన్ స్టూడియోలలో త్రీడీ పాత్రలను మలిచేవారికి కావలసింది పైన చెప్పిన శరీర జ్ఞానమే. తొలి ఏళ్లలో జీతం తక్కువగా ఉండవచ్చని మీరు ముందే మనసులో పెట్టుకోవాలి. పోర్ట్‌ఫోలియోలో (తన పనితనం చూపే బొమ్మల సంపుటిలో) మెరుగులు దిద్దిన వీరుల బొమ్మలతోపాటు చేతులు, పాదాలు, భంగిమల స్కెచ్ పేజీలను కూడా తేదీలు వేసి భద్రపరచమనండి. యూసీడ్ పరీక్ష జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతాయి. కనుక రెండో సంవత్సరం దసరా సెలవుల నాటికి ఏ పరీక్షలు రాయాలో మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి.