సైడు చివర మిగిలిన జాగాలో మాస్టారు వేసే పాట

మీ ఊళ్లో మూతపడిపోయిన షాపుల్లో ఇప్పటికీ గుర్తొచ్చేది ఏది, ఎందుకు అని అడిగారు కదా, నాకైతే ఆలోచించక్కర్లేదు, అమలాపురం గడియార స్తంభం దగ్గర సందులో ఉండే పాటల రికార్డింగ్ షాపు. పేరు రాయట్లేదు, వాళ్ళ ఇంటివాళ్ళు ఇంకా ఊళ్లోనే ఉన్నారు, అడక్కుండా రాస్తే బాగోదు. ఆ షాపాయన్ని ఊరంతా మాస్టారూ అనే పిలిచేది, ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు, కానీ నాకు పాట గురించి తెలిసిన నాలుగు ముక్కలూ అక్కడ నిలబడి నేర్చుకున్నవే.

షాపంటే పెద్దదేం కాదు, కౌంటర్ దగ్గర ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్టు మీదే. గోడంతా చెక్క అరలు, పై అరల్లో ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డులు, నిలబెట్టి ఉండేవి, కింద చిన్న సైజు రికార్డులు, ఈపీలు, ఒక మూల నిమిషానికి 78 చుట్లు తిరిగే బరువైన పాత 78 రికార్డులు, వాటిని మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు, కిందపడితే పెంకు ముక్కల్లా పగిలిపోతాయని. ముందు అద్దాల్లో కొత్త సినిమాల క్యాసెట్లు, లియో, ఎకో, లహరి, తర్వాత తర్వాత సుప్రీం, ఆదిత్య. అప్పట్లో ఒకే క్యాసెట్‌లో ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకో సినిమా వేసి అమ్మేవారు, మనకి కావాల్సింది ఒకటే అయినా రెండోది కూడా వింటాం, అలా అలవాటైన పాటలు ఎన్నో.

ఇప్పటి పిల్లలకి రికార్డింగ్ షాపంటే తెలీకపోవచ్చు కాబట్టి చెప్తున్నా. మనం తెల్ల కాయితం మీద పాటల లిస్టు రాసుకెళ్ళాలి, ఖాళీ క్యాసెట్ కొనాలి, ఆయన ఎల్పీలోంచి ఒక్కో పాట వెతికి ఎక్కిస్తారు, పాటకింత అని తీసుకుంటారు. సీ 60 అంటే సైడుకి ముప్పై నిమిషాలు, సీ 90 అంటే నలభై అయిదు. సీ 120 కూడా దొరికేది గానీ మాస్టారు వద్దనేవారు, రీలు మరీ పల్చన, క్యాసెట్ తిప్పే డెక్కులో చుట్టుకుపోద్ది, అందులో ఎక్కించుకుంటే డబ్బులు దండగ అని మొహం మీదే చెప్పేవారు. ఎక్కించడమంటే ఇప్పట్లా కాపీ పేస్టు కాదు, గంట క్యాసెట్‌కి గంట పట్టాల్సిందే. స్పీడ్‌గా డబ్బింగ్ చేసే డెక్కులు వచ్చాక కూడా ఆయన ఆ బటన్ జోలికెళ్ళేవారు కాదు, పైగొంతు పల్చబడిపోద్దని. అంటే మనం ఇచ్చిన లిస్టు మొదటి పాట నుంచి చివరి దాకా ఆయన కూర్చుని వినాల్సిందే. ఊళ్లో ఎవరు ఏం వింటారో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు, పెళ్ళి కుదిరిన కుర్రాడి లిస్టు ఎలా ఉంటదో, లంకల్లోంచి పడవ దాటి వచ్చే పెద్దవాళ్ళ లిస్టు ఎలా ఉంటదో, అన్నీ.

నాకు ఆ షాపు ఇంత గట్టిగా గుర్తుండిపోడానికి అసలు కారణం వేరే ఉంది. పాటల నిడివి కూడుకుని సైడు చివర పాట తెగిపోకుండా చూసేవారాయన. ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు మిగిలిపోయేవి. మిగతా షాపుల్లో అయితే ఖాళీగా వదిలేసేవారు, లేదంటే సగం పాట పెట్టి కోసేసేవారు. మాస్టారు ఆ జాగాలో తనకి నచ్చింది ఏదో ఒకటి వేసేవారు, దానికి డబ్బులు తీసుకునేవారు కాదు. నేను అడిగినవన్నీ అప్పటి కొత్త సినిమా పాటలు, ఇంటికొచ్చి వింటుంటే చివర్లో ఉన్నట్టుండి బాలమురళి గొంతు, తత్వం. ఇదేంటి అనుకున్నా. రెండోసారి వినేసరికి ఆ ముక్క కోసం ముందు పాటలు దాటించుకుంటూ వెళ్ళా. తర్వాత షాపుకెళ్ళి అది ఎవరండీ అంటే, మన శంకరగుప్తం ఆయనేరా, ఈ గాలి పీల్చి పుట్టినాయన, 1930లో, నువ్వు వినకపోతే ఎలా అన్నారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ మన కోనసీమలో పుట్టారని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, విజయవాడ రేడియోలో భక్తిరంజని మొదలెట్టింది ఆయనేనని కూడా ఆ కౌంటర్ దగ్గరే విన్నా. అలాగే ఒకసారి పౌరాణిక నాటకాల షణ్ముఖి ఆంజనేయరాజు గారి పద్యం, ఒకసారి అలాంటి నాటకాల నటులే పీసపాటి వారిది, ఇంకోసారి ఎవరిదో సన్నాయి. నేను అడగనిది నాకు ఇచ్చిన షాపు జీవితంలో అదొక్కటే అండి. ఇప్పుడు ఫోన్ కూడా తర్వాత పాట తనే వేస్తది, కానీ అది నేను విన్నలాంటిదే మళ్ళీ వేస్తది, మాస్టారు నేను వినాల్సింది వేసేవారు.

పాట పేరు తెలీకుండా వచ్చేవాళ్ళు చాలామంది. మధ్యలో ఒక ముక్క హమ్ చేసి, సావిత్రి ఉంటదండీ, పడవ మీద ఉంటదండీ అనేవారు. ఆయన కళ్ళు మూసుకుని, సంగీతం పెండ్యాలదా సాలూరిదా అని తనలో తనే తేల్చుకుని అరలోంచి ఈపీ లాగేవారు. ఒక పొడుగాటి అకౌంట్ల పుస్తకంలో పల్లవుల ప్రకారం అకారాదిగా రాసుకున్న పట్టిక ఉండేది, పల్లవి, పాడినవాళ్ళు, రాసినవాళ్ళు, సంగీతం, ఏ అరలో ఎన్నో రికార్డు. క్యాసెట్ డబ్బాలో పెట్టే ఇన్‌లే కార్డు మీద కూడా పాట పక్కన రాసిన కవి పేరు వేసేవారు, అడిగినా అడక్కపోయినా. 78 రికార్డుకి ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పడుతుంది కాబట్టి సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఉండకపోవచ్చని, పెద్ద పాటైతే రెండు వైపులా విరిచి ఇచ్చేవారని ఆయన చూపిస్తేనే తెలిసింది. ఇవాళ యాప్‌లో తెలుగు పాత పాట తెరిస్తే రాసినాయన పేరు చాలాసార్లు ఉండదు, ఉన్నా ఒక్కోసారి తప్పు, చూసినప్పుడల్లా నాకు మండుతుంది.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ జవాబు సగమే. కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళినవాళ్ళు ఎంతమందో అందరికీ తెలుసు, ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు మరీ ఎక్కువ. ఫోన్ చెయ్యాలంటే బోలెడు ఖర్చు, ఉత్తరం రాయడం అందరికీ రాదు, అందుకని మాటలు క్యాసెట్‌లో రికార్డు చేసి ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపించేవారు. మా పిన్ని మస్కట్‌లో ఉన్నప్పుడు అలాగే పంపేది. మా ఇంట్లో ఉన్న టేప్ రికార్డర్ పాట వినడానికే, అందులో రికార్డింగ్ లేదు, అందుకని జవాబు చెప్పడానికి అమ్మా, అమ్మమ్మా, పిన్ని పిల్లలూ అందరం మాస్టారి షాపుకి వెళ్ళేవాళ్ళం. మధ్యాహ్నం భోజనాల వేళ షట్టర్ సగం దించి, మైకు అమ్మ చేతికిచ్చి, ఎర్ర బటన్ నొక్కి ఆయన బయటికెళ్ళి సందులో నిలబడేవారు. ఎండైనా వానైనా. లోపలికి రండి మాస్టారూ అంటే, మీ ఇంటి మాటలు మీరు మాట్లాడుకోండమ్మా అనేవారు. ఎవరైనా వాళ్ళ మాటల క్యాసెట్‌కి ఇంకో కాపీ తీయమని ఇస్తే సౌండ్ మొత్తం తగ్గించేసి, డెక్కు మీద ఊగే ముల్లు చూసుకుంటూ తీసేవారు. ఊరందరి పాటలూ విన్న మనిషి ఒక్క ఇంటి మాట కూడా వినలేదు. దీనికోసం డబ్బులు ఖాళీ క్యాసెట్‌కే, అంతే.

మూతపడింది ఒక్క రోజులో కాదు. ముందు ఎంపీ3 సీడీలొచ్చాయి, ఒక్క సీడీలో వందకి పైగా పాటలు, క్యాసెట్ కంటే చవక, పాడినవాళ్ళ పేరు లేదు, ఏం లేదు. తర్వాత సెల్ పాయింట్లు, మెమరీ కార్డు ఇస్తే అయిదు నిమిషాల్లో నింపేసి ఇస్తారు. మాస్టారు కూడా కౌంటర్‌లో సగం రీచార్జులకి ఇచ్చారు, అద్దె కట్టాలి కదా. మైకు సెట్ల వాళ్ళు మాత్రం చాలాకాలం వచ్చారు, పెళ్ళి సన్నాయికి, అలాగే ఎవరింట్లోనైనా మనిషి పోతే వేసే ఘంటసాల భగవద్గీతకి, ఆ క్యాసెట్ అరిగిపోయినంత తొందరగా ఇంకేదీ అరగదు. 2016లో జియో వచ్చాక వాళ్ళు కూడా పెన్‌డ్రైవ్, ఫోన్ అయిపోయారు. ఇంకో రెండేళ్ళు లాక్కొచ్చి, ఒక సంక్రాంతి వెళ్ళాక తీసేశారు.

తీసేసే ముందు నేను వెళ్ళా. మనసు పాడైపోయింది, అదేం దాచక్కర్లేదు. ఎల్పీలు అడిగినవాళ్ళకి తూకం లెక్కన కాకుండా మనిషిని బట్టి ఇచ్చారు, పద్యాల రికార్డులు ఒక నాటకాల ఆయనకి, కీర్తనలు ఒక సంగీతం టీచర్‌కి, నాకు బాలమురళివి రెండు. పట్టిక పుస్తకం ఇవ్వమని అడిగా, అది మాత్రం ఇంట్లోనే ఉంటుందన్నారు, మనవరాలు చదువుతుందిట. ఆవిడ దగ్గరుండటమే న్యాయం.

ఈ జవాబు చదివాక ఎవరికైనా ఇంట్లో అటక మీద ఉన్న క్యాసెట్లు గుర్తొస్తే, మాస్టారు చెప్పిన జాగ్రత్తలు రాస్తున్నా. ప్లేయర్‌లో పెట్టే ముందు క్యాసెట్ పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, అవి విరిచెయ్యండి, అప్పుడు పొరపాటున ఎర్ర బటన్ నొక్కినా చెరిగిపోదు. రీలు మీద తెల్లటి బూజు కనిపిస్తే అస్సలు వెయ్యొద్దు, మన కోస్తా తేమకి ఇది మామూలే, ఒకదాని బూజు ప్లేయర్‌లో రీలు తగిలే హెడ్డుకి అంటుకుని తర్వాత వేసే వాటికి కూడా పాకుతుంది, తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించాకే వెయ్యాలి. బూజు లేకపోతే ఒకసారి మొత్తం ముందుకీ వెనక్కీ తిప్పండి, ఏళ్ళ తరబడి అంటుకుపోయిన రీలు వదులవుతుంది. హెడ్డు స్పిరిట్‌తో తుడవండి. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ కన్నంలోంచి ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించుకోవచ్చు, సౌండ్ మరీ పెంచితే గొంతు చీలిపోతుంది, కాస్త తక్కువలోనే పెట్టండి. ముందు వేవ్ ఫైల్‌గా దాచి ఎంపీ3 తర్వాత చేసుకోండి. టైమ్ లేకపోతే సినిమా పాటల క్యాసెట్లు పక్కన పెట్టేయండి, అవి ఎక్కడైనా దొరుకుతాయి, ఇంట్లోవాళ్ళు మాట్లాడినవి, ఊరి నాటకంలో పాడినవి ముందు చెయ్యండి. టేప్ రికార్డర్ తిరగట్లేదంటే చాలాసార్లు లోపల బెల్టు సాగిపోయి ఉంటది, పాత రేడియో మెకానిక్‌ ఎవరైనా ఉంటే మార్చి ఇస్తారు, పారెయ్యకండి.