కృష్ణబిలాల చదువుకు బతుకుతెరువు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. లెక్కల్లో దిట్ట. కృష్ణబిలాల (బ్లాక్ హోల్స్) చుట్టూ పళ్లెంలా తిరిగే వాయువు, అంటే అక్రీషన్ డిస్కుల మీద పరిశోధన చేస్తానంటోంది. లోపలికి పోయిన వెలుగే తిరిగి రాదంటారు, అలాంటి చోట ఉద్యోగం ఏముంటుందని ఇంటిల్లిపాదికీ బెంగ. కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, ఆమదాలవలస

జవాబు: అయ్యా, ముందు అమ్మాయి మనసు పడింది దేని మీదో చూడండి. బావిలో చేద పట్టు తప్పితే తాడు జరజరా జారి అరచేయి మండిపోతుంది. చేద కిందికి పడే శక్తే రాపిడితో వేడిగా మారి మీ చేతిని కాల్చింది. అక్రీషన్ డిస్కులోనూ అదే జరుగుతుంది. వాయువు తిన్నగా బిలంలో పడిపోదు. చుట్టూ తిరుగుతూ, ఆ తిరిగే ఊపును కొంచెం కొంచెంగా బయటి పొరలకు అప్పగిస్తూ లోపలికి జారుతుంది. అక్కడ తాడు పని చేసేవి అయస్కాంత క్షేత్రాలు. నక్షత్రమంత బరువున్న బిలాల దగ్గర డిస్కు లోపలి అంచు దాదాపు కోటి డిగ్రీలకు కాగి ఎక్స్ కిరణాలు వెదజల్లుతుంది. సూర్యుడిలో హైడ్రోజన్ మండితే ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది. ఇక్కడ 6 శాతం నుంచి, వేగంగా తిరిగే బిలమైతే 40 శాతం దాకా అవుతుంది. వెలుగు రానిది బిలంలోంచి మాత్రమే, దాని గుమ్మం దగ్గర ఉన్నదంతా వెలుగే!

ఆ వెలుగును కొలిచేవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. 2015లో ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ అనే ఇస్రో ఉపగ్రహాలు శ్రీహరికోట నుంచే ఎగిరాయి. పుణెలో ఐయూకా, ముంబైలో టీఐఎఫ్‌ఆర్, బెంగళూరులో రామన్ పరిశోధన సంస్థ ఈ పనిలో ఉన్నాయి.

దారి చెబుతాను. ఐజర్లు, నైజర్ అనేవి కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలు. అక్కడి ఐదేళ్ల కోర్సులకు ఐజర్ల కోసం ఐఏటీ, నైజర్ కోసం నెస్ట్ ప్రవేశ పరీక్షలు రాయించండి. తిరుపతి ఐజర్ మన రాష్ట్రంలోనిదే అయినా, శ్రీకాకుళం రోడ్డులో రైలెక్కే మీకు దానికన్నా భువనేశ్వర్ నైజరే దగ్గర. సీటు రాకపోతే ఫిజిక్స్‌తో డిగ్రీ చేసి, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. కంప్యూటర్ సైన్స్ చదివి ఇటు వచ్చినవాళ్లూ ఉన్నారు కానీ, ఫిజిక్స్ అంతా సొంతంగా నేర్చుకోవాలి. ఆ చుట్టుదారి నాకు నచ్చదు.

డబ్బు సంగతి దాచను. పీహెచ్‌డీ అయ్యేసరికి పదేళ్లు దాటుతుంది. జేఆర్‌ఎఫ్ (పరిశోధక భృతి) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తర్వాత 42 వేలు ఇస్తారు. శాశ్వత ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. నాలుగేళ్లలో ఆమె సంపాదన మీదే ఇల్లు నడవాలంటే ఆ మాట ఇప్పుడే చెప్పండి, తెలివైన పిల్ల అర్థం చేసుకుంటుంది. అంత అవసరం లేకపోతే ఆపకండి. ఈ పనిలో రోజంతా చేసేది డేటా విశ్లేషణ, కంప్యూటర్ ప్రోగ్రాములే. దారి మారాల్సివచ్చినా ఆ విద్యకు బయట గిరాకీ ఉంది.

ఇది వీడియోలు చూసి పుట్టిన సరదా ఏమోనని అనుమానమా? ఆస్ట్రోశాట్ డేటాను ఇస్రో అందరికీ అందుబాటులో ఉంచింది. పరీక్షలయ్యాక పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని అందులోంచి ఒక్క గ్రాఫ్ గీయమనండి. మొదటి వారం అన్నీ తప్పులే వస్తాయి. రెండో వారం కూడా విసుక్కోకుండా దాని ముందే కూర్చుంటే, భువనేశ్వర్‌కు టికెట్టు తీయండి.