చవకగా వచ్చే పెద్ద టీవీ కొనవచ్చునా? ముందు రిపేరు చేసే మనిషిని అడగండి

పండుగ అమ్మకాలలో 65 అంగుళాల 4కె టీవీ ఒకటి 39 వేల రూపాయలకే వస్తోందనీ, ఆ కంపెనీ పేరు మీ బంధువులలో ఎవరూ వినలేదనీ, విజయవాడ పటమటలోని మీ హాలు పదకొండు అడుగుల పొడవుంటుందనీ, ఇంత తక్కువ ధరకు వచ్చేదాన్ని నమ్మి కొనవచ్చునా అనీ మీరు అడిగారు.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. 2022 దసరాకు ఇలాంటి టీవీనే, 55 అంగుళాలది, 28 వేలకు కొన్నాను. అది ఈనాటికీ మా హాల్లో నడుస్తోంది కాబట్టి కొనవద్దని నేను చెప్పను. అయితే కొనే ముందు చూడవలసింది తెర కొలతా కాదు, తగ్గింపు శాతమూ కాదు. అందులో బొమ్మ ఆగిపోయిన రోజున మీ ఊళ్లో దాన్ని విప్పి బాగుచేయగల మనిషి ఉన్నాడా, అతనికి అందులోకి కావలసిన విడిభాగం దొరుకుతుందా అన్న సంగతి ఒక్కటే. ఈ అభిప్రాయం నాకు 2024 జూన్ మొదటి వారంలో స్థిరపడింది.

ఆ ఏడాది మే 13న మన రాష్ట్రంలో ఎన్నికల పోలింగు జరిగింది, జూన్ 4న ఓట్ల లెక్కింపు. మిర్చి యార్డులో కమీషన్ దుకాణంలో ముప్పయ్యేళ్లు పద్దులు రాసిన మా నాన్నగారు, ఆ రోజు కోసం ఒక పొడుగు నోటు పుస్తకంలో 175 నియోజకవర్గాలకూ జిల్లాల వారీగా గళ్లు గీసి సిద్ధంగా పెట్టుకున్నారు. ప్రతి ఎన్నికకూ ఆయనకు అది అలవాటు. సరిగ్గా రెండో తేదీ, ఆదివారం రాత్రి, వార్తలు వస్తుండగానే టీవీ ఒకసారి మిణుకుమని చీకటి పడిపోయింది. మాట మాత్రం వినిపిస్తూనే ఉంది.

మరునాడు ఉదయం కంపెనీ ఉచిత నంబరుకు ఫోన్ చేశాను. ఏడాది వారంటీ తీరి ఏడు నెలలు దాటిందనీ, మనిషి రావడానికి వారం నుంచి పది రోజులు పడుతుందనీ, వచ్చి చూసినందుకే 590 రూపాయలు చెల్లించాలనీ చెప్పారు. అంతటితో ఆగక, మాట వస్తూ బొమ్మ రాకపోతే ప్యానెల్, అంటే బొమ్మను చూపే తెర పలక, పోయినట్లేననీ, దాన్ని మార్చడానికి 21,500 రూపాయలు అవుతుందనీ, టీవీని కంటితో చూడకుండానే తేల్చేశారు. ఇరవై ఎనిమిది వేల వస్తువుకు ఇరవై ఒకటిన్నర వేల రిపేరు అంటే, దాన్ని పారేసి కొత్తది కొనుక్కోమని చెప్పడమే. ఒక వస్తువును చూడకుండా దాని చావును నిర్ణయించే ఈ పద్ధతి మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఆ సాయంత్రం అరండల్‌పేటలో చిన్న రిపేరు దుకాణం నడుపుకునే మెకానిక్ గారిని ఇంటికి పిలిచాను. ఆయన హాల్లో లైట్లన్నీ ఆర్పించి, టీవీ పెట్టించి, సెల్‌ఫోను టార్చిని తెరకు ఆనించి కొంచెం ఏటవాలుగా వెలిగించారు. ఆ వెలుగు పడినంత మేర, అరచేతి వెడల్పున, వార్తలు చదివే అమ్మాయి ముఖం బూడిద రంగులో స్పష్టంగా కనిపించింది. టార్చిని కిందికి జరిపితే ఆమె మెడ, ఇంకా కిందికి జరిపితే పరుగెత్తే అక్షరాలు. బొమ్మ లోపల బతికే ఉంది, దాని వెనక వెలగవలసిన దీపాలే ఆరిపోయాయి.

“ప్యానెల్ బాగానే ఉందండీ, బ్యాక్‌లైట్ పోయింది. దీపాల స్ట్రిప్పులు మారిస్తే వస్తుంది,” అన్నారాయన.

“ఏం నాయనా, రేపు తెల్లారేసరికి వస్తుందా?” అని నాన్నగారు అడిగారు.

“రేపటికి కుదరదు బాబాయ్ గారూ, ఈ మోడల్‌వి నా దగ్గర లేవు, బెజవాడ నుంచి తెప్పించాలి,” అని ఆయన నిజాయితీగా చెప్పి, వెనక చీటీ మీది మోడల్ నంబరును ఫోటో తీసుకుని వెళ్లారు.

నాలుగో తేదీ ఉదయం ఎనిమిది గంటలకు నాన్నగారు కుర్చీని తెరకు అడుగు దూరానికి జరుపుకున్నారు. తలుపులు, కిటికీలు మూయించారు. ఎడమ చేతిలో టార్చి, కుడి చేతిలో పెన్సిలు. ఆధిక్యాల పట్టిక తెరకు ఏ మూల వస్తుందో తొమ్మిదింటికల్లా ఆయనకు తెలిసిపోయింది. ఆ మూలకు టార్చి ఆనించి అంకె చదవడం, పుస్తకంలో ఆ గడిలో వేసుకోవడం, మళ్లీ టార్చి ఆనించడం. పక్కింటివారు వచ్చి తమ ఇంట్లో చూడమని ఎంతగానో పిలిచినా వెళ్లలేదు, పొరుగింట కూర్చుని గళ్లు నింపుకోవడం ఆయనకు ఇష్టం లేదు. గుంటూరు జిల్లాలోని ఏడు స్థానాలూ తేలేసరికి ఫోనులో ఛార్జింగు అయిపోయి, మా అబ్బాయి ఫోను తీసుకున్నారు. డెబ్బయ్యారేళ్ల మనిషి చీకటి గదిలో టార్చి పట్టుకుని ఒక పెద్ద తెరను అరచేయంత చొప్పున చదువుకుంటుంటే, కొన్ననాడు రెండు వేలు, మూడు వేలు తగ్గిందని సంతోషించినందుకు నాకు చాలా బాధ కలిగింది.

ఆరో తేదీన మెకానిక్ గారు సహాయకుడితో వచ్చారు. నేల మీద రెండు బొంతలు పరిపించి, టీవీని బోర్లించి, చుట్టూ ఉన్న మరలు తీసి, ప్యానెల్‌ను ఇద్దరూ చెరో వైపు పట్టుకుని అద్దపు పలకను ఎత్తినట్లు లేపారు. దాని అంచున కాగితం కన్నా పలచని రిబ్బన్లు ఉంటాయనీ, అవి చిరిగితే తెర మీద నిలువు గీతలు పడి ఇక బాగుచేయడం చాలా కష్టమనీ చెప్పారు. తరువాత వెలుగును సమంగా పరిచే పలచని షీట్లను ఏ వరుసలో తీశారో ఆ వరుసలోనే పక్కన పెట్టారు. అడుగున తెల్లని రేకు మీద బొత్తాముల వంటి చిన్న కటకాలతో స్ట్రిప్పులు బారుగా ఉన్నాయి. పరీక్ష చేసే తీగ మొన తాకిస్తూ పోతే ఒక్కటి తప్ప దీపాలన్నీ వెలిగాయి. అవన్నీ ఒకదాని వెంట ఒకటిగా ఒకే తీగలో ఉండటం వల్ల, ఒకటి తెగితే కరెంటు ఆగిపోయి మొత్తం చీకటవుతుందట. ఒక్కదాన్నే మారిస్తే మిగిలినవి నెలల్లో పోతాయని మొత్తం సెట్టు మార్చారు. స్ట్రిప్పులకు 1,900, పనికి 1,300, వెరసి 3,200 రూపాయలు. కంపెనీ చెప్పిన దానిలో ఆరో వంతు కూడా కాదు.

ఆ దీపం ఎందుకు పోయిందో కూడా ఆయనే చూపించారు. ధర తగ్గించడానికి తక్కువ దీపాలు పెట్టి, ఒక్కోదానిలో ఎక్కువ కరెంటు పంపి వెలుగు రాబడతారు. అప్పుడు అవి వేడెక్కుతాయి. దానికి తోడు దుకాణంలో కళ్లు చెదరాలని పెట్టిన నిండు వెలుగునే ఇంట్లోనూ ఏడాదిన్నర పాటు మేము ఉంచుకున్నాము. గుంటూరు ఎండలకు పడమటి గోడ కాలిపోతుంటే, ఆ గోడకే దాన్ని బిగించాము. ఇప్పుడు సెట్టింగులలో బ్యాక్‌లైట్‌ను నూటికి యాభై ఐదు దగ్గర ఉంచి, ఎదురు గోడకు మార్చాము. పెద్ద టీవీ కొన్నవారు మొదటి రోజున చేయవలసిన పని ఇదే, కానీ బిగించడానికి వచ్చే కుర్రాళ్లు ఒక్కరూ ఈ మాట చెప్పరు. రెండు వేలు పెట్టి స్టెబిలైజరు కొనమని మాత్రం తప్పకుండా చెబుతారు. కానీ ఇప్పటి టీవీలలో చాలావరకు వంద నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా తయారవుతున్నాయి. ఆ సంగతి రాసిన చీటీ వాటి వెనకే అతికించి ఉంటుంది. ఉరుములు మెరుపులు మొదలవకముందే కరెంటు ప్లగ్గుతో పాటు కేబుల్ తీగను కూడా పీకివేయడం అంతకన్నా మేలు, ఎందుకంటే పిడుగు దెబ్బ ఆ తీగ గుండా కూడా వస్తుంది.

మీ హాలుకు 65 అంగుళాలు ఎక్కువేమీ కాదు. ఆ తెర వెడల్పు సుమారు 144 సెంటీమీటర్లు. పదకొండు అడుగుల హాల్లో సోఫా పోగా కంటికీ తెరకూ మధ్య ఎనిమిదిన్నర, తొమ్మిది అడుగులు మిగులుతాయి, అది చాలు. కానీ మీ ఇంట్లో పెద్దవారు చూసేది ఏమిటో ఆలోచించారా? దుకాణంలో పూలు, చిలకలు, సముద్రాలు చూపించే వీడియో 4కె లో తీసినది. ఇంట్లో కేబుల్ పెట్టెలో వచ్చే మామూలు ఎస్‌డీ ఛానెలులో 720 అడ్డంగా, 576 నిలువుగా మాత్రమే చుక్కలుంటాయి. 4కె తెరలో 3,840 అడ్డంగా, 2,160 నిలువుగా. అంటే ఒక్కో చుక్కను ఇరవై చుక్కలుగా సాగదీయాలి. చవక టీవీ ఆ పనిని సరిగ్గా చేయలేదు, సీరియల్‌లో ముఖాలు నీళ్లలో తడిసిన ఫోటోల్లా అలుక్కుపోతాయి. దుకాణానికి వెళ్తే ఆ వీడియో ఆపించి, మామూలు ఛానెల్ ఒకటి పెట్టించి తొమ్మిది అడుగుల దూరాన నిలబడి చూడండి. పెట్టించడానికి ఒప్పుకోని దుకాణంలో కొనవద్దు. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) అనే ముద్రను చూసి మురిసిపోవలసిన పని లేదు; వెలుగు చాలని తెర మీద ఆ ముద్ర ఉన్నా బొమ్మలో మార్పు కనిపించదు.

ధర గురించి ఒక మాట. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంటే పాత ధరలో 50 వేలున్నది దాదాపు 46,100కు రావాలి. ఆ తగ్గుదల ప్రభుత్వం ఇచ్చినది. దాన్ని కూడా తమ పండుగ బహుమానంగా లెక్క చూపి, ఎవరూ ఎన్నడూ చెల్లించని గరిష్ఠ ధరను పైన కొట్టివేసి, అరవై శాతం తగ్గింపు అని ప్రకటించడం నాకు ఏమాత్రం నచ్చదు. వడ్డీ లేని వాయిదాలు అన్నచోట కూడా, ఒకేసారి చెల్లిస్తే ఎంతకు ఇస్తారో అడిగి చూడండి.

వెనక చీటీ మీద భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. 32 అంగుళాలు, అంతకు మించిన టీవీలకు అది తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారుచేసినదెవరో తెలుస్తుంది. వారంటీ పత్రంలో ప్యానెల్ అన్న మాటలో బ్యాక్‌లైట్ కూడా కలుస్తుందా లేదా అన్నది మెయిల్ ద్వారా రాతపూర్వకంగా తెప్పించుకోండి, నేను ఆ పని చేయలేదు. పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అమ్మినవారి కార్యాలయం ఏ నగరంలో ఉన్నా, మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకు రుసుము కూడా లేదు.

ఇక మీరు చేయవలసినది. ఆ టీవీ మోడల్ నంబరును కాగితం మీద రాసుకుని గవర్నరుపేట వైపు వెళ్లి, టీవీలు అమ్మేవారిని కాక బాగుచేసేవారిని ఇద్దరు ముగ్గురిని అడగండి: ఈ మోడల్ ఎప్పుడైనా విప్పారా, దీనికి స్ట్రిప్పులు, బోర్డు దొరుకుతాయా, ఎంతవుతుంది అని. ఇద్దరు దొరుకుతాయంటే 39 వేలకు నిశ్చింతగా కొనండి. ఆ పేరే వినలేదని ముగ్గురూ అంటే, అదే డబ్బుతో వారు రోజూ విప్పే కంపెనీది 55 అంగుళాలది తీసుకోండి. మీ హాలుకు అదీ చిన్నదేమీ కాదు.