కోరిక వల్ల మగవాళ్లలో హార్మోన్ పెరుగుతుందా, హార్మోన్ వల్ల కోరిక పుడుతుందా?

రెండూ నిజమే, కానీ సమానంగా కాదు: టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ కోరికను నిలబెడుతుంది, కోరిక మాత్రం టెస్టోస్టిరాన్‌ను కొద్దిగా, కాసేపే పెంచగలదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను వదిలి, వృషణాల చేత టెస్టోస్టిరాన్‌ను తయారుచేయిస్తుంది. రక్తంలో ఎక్కువైతే మెదడే ఆ సంకేతాన్ని తగ్గించేస్తుంది. అందుకే ఉద్రేకంతో వచ్చిన పెరుగుదల నిలవదు.

భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద, నీటిలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడులో రాత్రంతా మేలుకునే మనిషిని చూడండి. టెస్టోస్టిరాన్ ముఖ్యంగా నిద్రలోనే పెరుగుతుంది. పగలు కూడా సరిగా నిద్ర పట్టకపోతే అది తగ్గి, కోరిక మందగించవచ్చు. భార్య మీద ప్రేమ తగ్గిందనుకోవడం అన్యాయం.

హస్తప్రయోగంతో హార్మోన్ తరిగిపోతుందన్నది వట్టి అపోహ. కుర్రాళ్లు పాపం దీనికే ఎక్కువ కుమిలిపోతారు. టెస్టోస్టిరాన్ వృషణాల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. వీర్యం పోయినంత మాత్రాన అది ఖాళీ అవదు. అనుమానముంటే ఉదయం 7 నుంచి 10 లోపు రక్తపరీక్ష చేయించుకోండి.