వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోతోందా? పంపు జోలికి అప్పుడే వెళ్లకండి

స్పీడ్ బోట్ ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది, పంపు మార్చాలా, చిక్కటి ఆయిల్ పోయాలా అని అడిగారు. రెండూ వద్దు. ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) లాగి వాసన చూడండి.

మేం హ్యూస్టన్‌లో ఉంటాం. లేక్ కాన్రోలో తిరగడానికి సెకండ్ హ్యాండ్ బోటు కొన్నాను, 7.4 లీటర్ల షెవర్లే బిగ్ బ్లాక్ ఇంజిన్, ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది. రెండో వేసవిలో ఓ శనివారం పిల్లల్ని ఎక్కించుకుని మంచి స్పీడులో పోతుంటే, 4,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఎప్పుడూ 50 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) మీదుండే ఆయిల్ ప్రెషర్ ముల్లు 25కి దిగిపోయింది. వెయ్యి ఆర్‌పీఎంకి కనీసం 10 ఉండాలని పాత మెకానిక్కులు చెప్పే లెక్క, దాన్నిబట్టి చూసినా చాలా తక్కువ. స్పీడు తగ్గించగానే అలారం మోత. ఇంజిన్ ఆపేసి, నడి చెరువులో, ఇంకో బోటు వచ్చి లాక్కెళ్లేదాకా గంటన్నర కూర్చున్నాం. టెన్షన్‌తో నా చేతులు చల్లబడిపోయాయి.

మర్నాడు ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే పది నిమిషాల్లో తేల్చేశారు. బేరింగులు పోయాయి, ఇంజిన్ దించాలి, 8,000 డాలర్లు. గేజ్ పెట్టి కొలిచింది లేదు, ఆయిల్ తీసి చూసింది లేదు. నాకు ఇప్పటికీ మండుతుంది. డాక్టరు నాడి కూడా పట్టుకోకుండా ఆపరేషన్ రాస్తే ఊరుకుంటామా?

ఇంటికి తెచ్చి ప్రెషర్ సెండర్ (ముల్లుకి ప్రెషర్ ఎంతో చెప్పే సెన్సర్) విప్పి, ఆ చోట మామూలు మెకానికల్ గేజ్ బిగించాను. చాలా బోట్లలో కథ ఇక్కడే తేలిపోతుంది, తడికి సెండరో ఎర్త్ వైరో పాడై ముల్లు అబద్ధం చెబుతుంది. నా బోటుకి మాత్రం ఆ గేజ్ కూడా తక్కువే చూపించింది. అప్పుడు బోటు ముక్కు పైకి లేవకుండా ట్రైలర్‌ని సమంగా నిలబెట్టి డిప్‌స్టిక్ తీశాను. ఆయిల్ ఫుల్ మార్కు కంటే వేలెడు పైన ఉంది. నేను చుక్క పోయలేదు! రెండు వేళ్ల మధ్య రుద్దితే జిగటే లేదు, నీళ్లలా జారిపోతోంది, గుప్పున పెట్రోలు వాసన. మీది పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే అది నీళ్లు, ఎగ్జాస్ట్ రైజర్లు (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టాలు) తుప్పు పట్టాయేమో చూడాలి, ఆ దారి వేరు.

బేరింగులు అరిగితే లోహపు పొడి ఫిల్టర్లో చిక్కుతుంది, ఆ సంగతి తేల్చుకోవడానికి ఆయిల్ ఫిల్టర్ కోశాను. రంపంతో కోయకండి, రంపం పొడి పడి లేనిపోని భయం పెడుతుంది, ఫిల్టర్ కట్టరే వాడండి. లోపలి కాగితాన్ని మడతలు విప్పి, వైస్‌లో పిండి, తెల్లగుడ్డ మీద పరిచి ఎండలో చూశాను. రాగి రంగు గానీ వెండి రంగు గానీ ఒక్క మెరుపు లేదు. ప్రాణం లేచొచ్చింది.

మరి పెట్రోలు ఎక్కణ్నుంచి? టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ 120 ఫారన్‌హీట్ దాటదని అప్పుడు గుర్తొచ్చింది. థర్మోస్టాట్ (ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా చల్లటి నీళ్లను ఆపే వాల్వు) మూత విప్పితే లోపల ఖాళీ. పాత ఓనర్ ఎప్పుడో తీసేశాడు! చెరువు నీళ్లు నేరుగా తిరుగుతుంటే ఇంజిన్ వేడెక్కదు, కంప్యూటరేమో ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు పోస్తూనే ఉంటుంది, కాలని పెట్రోలు పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్లో కలుస్తుంది.

ఈ రోగం మన దగ్గరా ఉంది. కాకినాడలో మా నాన్న లారీకి ఎండాకాలం రాగానే మెకానిక్ చేసే మొదటి పని థర్మోస్టాట్ పీకెయ్యడం. ఇంజిన్ చల్లగా ఉంటే మంచిదని ఎవరు చెప్పారో గానీ ఎన్ని ఇంజిన్లు పాడయ్యాయో! వేడి చాలకపోయినా ఇంజిన్ చస్తుంది. చిక్కటి ఆయిల్ పోయమనే వాళ్ల మాటా అంతే, వారం పాటు ముల్లు లేస్తుంది, పెట్రోలు మాత్రం దిగుతూనే ఉంటుంది.

160 డిగ్రీల థర్మోస్టాట్ వేసి, 25డబ్ల్యూ-40 మెరైన్ ఆయిల్, కొత్త ఫిల్టర్ వేశాను. గంటసేపు తిప్పి, మిగిలిన పెట్రోలు పోవాలని ఆయిల్ మళ్లీ మార్చాను. ముల్లు తిరిగి 50కి వచ్చింది, అదే పంపు, అవే బేరింగులు.

మీ టెంపరేచర్ ముల్లు ఎంత దగ్గర నిలబడుతుందో రాయలేదు. అది సరిగ్గానే ఉండి ఆయిల్ పెట్రోలు వాసన కొడితే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కారుతున్నాయేమో చూడాలి. ఈలోగా ఆ ఆయిల్‌తో ఇంజిన్ స్టార్ట్ చేయకండి.